ఆకాశరామన్న ఉత్తరాలు, మన పిల్లల పౌరధర్మం

2018 జూలై 13, శుక్రవారం. హైదరాబాద్‌కు చెందిన ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మిత్రులతో కలిసి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లాడు. ఆ బృందంలో ఖతర్ దేశం నుండి వచ్చిన అతిథి ఒకరు ఉన్నారు. దారిలో ఆగినచోట బడిపిల్లలు కనబడితే ముచ్చటపడి చాక్లెట్లు పంచారు. వారు చేసిన నేరమంతా ఇదే. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా వచ్చిందన్న అనుమానం పుట్టింది. వారి దృశ్యాలు వాట్సాప్ గ్రూపులలోకి ఎక్కి, వారి కారు కంటే ముందే తరువాతి ఊరు చేరాయి. ముర్కి గ్రామం వద్ద జనం దారికి అడ్డంకులు పెట్టారు. కారు గుంతలో పడింది. అడ్డుకోబోయిన పోలీసులు సైతం గాయపడ్డారు. ఆ యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. తరువాత అరెస్టయినవారిలో ఒక వాట్సాప్ గ్రూపు నిర్వాహకుడు కూడా ఉన్నాడు.

ఆ ఏడాది ఇలాంటి మరణం ఇదొక్కటే కాదు. అంతకు రెండు నెలల ముందు, మే మాసంలో, మన నగరంలోనే చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని ఇదే వదంతితో గుంపు కొట్టి చంపింది. రంజాన్ ఉపవాసాలు సాగుతున్న రోజులవి. అంటే వదంతికి మతం లేదు. అది నేడు ఒకరిని బలిగొంటుంది, రేపు మరొకరిని. ఒకచోట మనవాడు బాధితుడైతే, మరొకచోట గుంపులో నిలబడినవారిలో మనవారూ ఉండవచ్చు. ఈ నిజాన్ని కళ్లు తెరిచి చూడనిదే మన పిల్లలకు మనం ఏమీ నేర్పలేము.

ముర్కి ఘటన జరిగిన నాలుగు రోజులకే, 2018 జూలై 17న, సుప్రీంకోర్టు తహసీన్ పూనావాలా కేసులో మూకదాడులపై తీర్పు చెప్పింది. ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారిని నియమించాలనీ, రెచ్చగొట్టే సందేశాల వ్యాప్తిని అరికట్టాలనీ ప్రభుత్వాలను ఆదేశించింది. వాట్సాప్ సంస్థ అదే నెలలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదింటికి మించి పంపకుండా పరిమితి ప్రకటించింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే అనేకసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపేటట్లు ఆ పరిమితిని ఇంకా బిగించింది. న్యాయస్థానం తన పని చేసింది, కంపెనీ కొంత చేసింది. మరి ఇల్లు ఏం చేసింది? మొహల్లా ఏం చేసింది? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ఇంట్లోకి వచ్చిన బడి, బడితో వచ్చిన బజారు

బోరబండలో రైలెక్కితే తరువాతి స్టేషన్ హైటెక్ సిటీ. 2003లో ఎంఎంటీఎస్ మొదలైన నాటి నుండి ఆ ఒక్క స్టేషన్ దూరం మా బస్తీల బతుకును నిర్ణయిస్తున్నది. ఆ అద్దాల భవనాలలో కాపలా కాసేవారు, కార్లు నడిపేవారు, వంట చేసేవారు, భోజనం పొట్లాలు మోటారుసైకిళ్లపై చేర్చేవారు ఎందరో ఇక్కడి నుండే వెళతారు. ఇటీవల కంప్యూటర్ ఉద్యోగాలకు వెళ్లే పిల్లలూ పెరుగుతున్నారు. పాలమూరు నుండి వచ్చినవారు, కోస్తా నుండి వచ్చినవారు, కర్ణాటక సరిహద్దుల నుండి వచ్చినవారు, పాత హైదరాబాదీలు అందరూ ఒకే గల్లీలో, ఒకే నల్లా నీళ్లు పట్టుకుని జీవిస్తారు. మసీదు, గుడి, చర్చి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటాయి. తెలుగు, ఉర్దూ కలగలిపి మాట్లాడే పిల్లలకు తాము ఏ భాషలో మాట్లాడుతున్నామో కూడా స్పృహ ఉండదు.

ఇలాంటి చోట పెరిగే పిల్లవాడికి భిన్నత్వం పాఠ్యాంశం కాదు, అది అతని వాకిలి. అయితే అతని చేతిలోని ఫోను వాకిలిలో లేని ద్వేషాన్ని తెచ్చి ఒళ్లో పడేస్తున్నది. పక్కింటి ఆంటీ చేతి పులిహోర తిని పెరిగిన బిడ్డకు, ఆ ఆంటీ మతస్థులందరూ తన శత్రువులని ఎక్కడో కూర్చున్న అజ్ఞాత వ్యక్తి చెబుతున్నాడు. ఆ ఆంటీ కుమారుడి ఫోనులోకి మన గురించి అదే మాట వెళుతున్నది. ఇద్దరు పిల్లలూ సాయంత్రం ఒకే మైదానంలో క్రికెట్ ఆడుతున్నారు. ఇంకెంత కాలం ఆడతారన్నదే నా ఆందోళన.

ఈ ఫోను పిల్లల చేతికి సరదాగా రాలేదని గుర్తుంచుకోవాలి. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుండి, రాష్ట్రంలో పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారాల ద్వారా, ఫోన్ల ద్వారా సాగాయి. అప్పు చేసి ఫోన్లు కొన్న తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. బడి ఇంట్లోకి వచ్చింది. దానితో పాటు బజారు కూడా వచ్చింది. తరువాత బడి తిరిగి బడికి వెళ్లిపోయింది, బజారు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. కాబట్టి పిల్లలను నిందించడం అన్యాయం. బజారులో ఎలా నడవాలో మనం నేర్పలేదు.

జాగ్రత్త వేరు, బాధ్యత వేరు

ఏమీ నేర్పడం లేదని అనడం కూడా సరికాదు. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం విద్యాశాఖతో కలిసి 2021–22లో సైబర్ కాంగ్రెస్ అనే కార్యక్రమం నడిపింది. జిల్లాకు 50 చొప్పున 33 జిల్లాలలో 1,650 ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులను సైబర్ అంబాసిడర్లుగా తీర్చిదిద్దింది. ఓటీపీ ఎవరికీ చెప్పరాదని, అపరిచితులకు ఫోటోలు పంపరాదని, మోసపోతే 1930 నంబరుకు ఫోన్ చేయాలని ఇప్పుడు మా బస్తీ పిల్లలకూ తెలుసు. ఇది మంచి పని, కొనసాగవలసిన పని.

కానీ ఇదంతా జాగ్రత్త. నిన్ను నీవు ఎలా కాపాడుకోవాలో చెబుతుంది. నీ వల్ల మరొకరికి హాని కలగకుండా ఎలా ఉండాలో చెప్పదు. మొదటిది రక్షణ, రెండవది పౌరధర్మం. మొదటిది మాత్రమే నేర్చిన పిల్లవాడు తెలివైనవాడవుతాడు, మంచివాడు కావాలన్న నియమం లేదు.

దీనికి మన కళ్లముందున్న ఉదాహరణ 2022 జనవరి 1. ఆ రోజు బుల్లీ బాయి అనే యాప్‌లో వందమందికి పైగా ముస్లిం మహిళల చిత్రాలు పెట్టి, వారిని వేలం వేస్తున్నట్లు అవమానించారు. పాత్రికేయులు, న్యాయవాదులు, సామాజిక కార్యకర్తలు, పెద్దవయసు తల్లులు సైతం అందులో ఉన్నారు. అంతకు ఆరు నెలల ముందు, 2021 జూలైలో, సుల్లీ డీల్స్ పేరుతో ఇదే దుర్మార్గం జరిగింది. బుల్లీ బాయి కేసులో మొదట అరెస్టయినవారి వయస్సులు చూడండి: ఒకరికి 18, ఇద్దరికి 21. వారిలో ఇంజనీరింగ్ విద్యార్థి కూడా ఉన్నాడు. నేరాన్ని నిర్ధారించవలసింది న్యాయస్థానమే. కానీ ఆ వయస్సులు తల్లిదండ్రులందరికీ ఒక మాట చెబుతున్నాయి. వారికి సాంకేతిక విద్యకు కొరత లేదు. ఎదుటి స్త్రీ ఒకరి తల్లి, ఒకరి కుమార్తె, రాజ్యాంగం ముందు తనతో సమానమైన పౌరురాలు అన్న పాఠం ఏదో ఒక దశలో తప్పిపోయింది. ఆ పాఠం 18వ ఏట మొదలుపెట్టేది కాదు, ఎనిమిదవ ఏట మొదలుపెట్టవలసింది.

మనకు ఈ హితబోధ ఎందుకు?

ఈ మాట చెప్పినప్పుడల్లా మనవారి నుండి ఒక అభ్యంతరం వస్తుంది. అన్యాయం మనపై జరుగుతుంటే హితబోధ మనకేనా అని. ఈ అభ్యంతరంలో బాధ ఉంది, దాన్ని తేలికగా తీసివేయరాదు. 2020 మార్చి చివరలో తబ్లీగీ జమాత్ పేరు పెట్టి ఒక మహమ్మారికే మతం అంటగట్టారు. తోపుడుబండిపై పండ్లు అమ్ముకునే మన సోదరులు దాని ఫలితం అనుభవించారు. అదే ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ జమాత్ సభ్యులపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులుగా చేశారని అభిప్రాయపడింది. తీర్పు వచ్చేసరికి అబద్ధం దేశమంతా తిరిగి వచ్చింది. తీర్పును మాత్రం ఎవరూ అంత ఉత్సాహంగా ఫార్వర్డ్ చేయలేదు.

అయినా ఈ బోధ మనకు అవసరమనే నా వాదన. మూడు కారణాలు చెబుతాను.

మొదటిది, హక్కు అడిగేవాడి కొలబద్ద ఒక్కటే ఉండాలి. మనపై వచ్చిన అబద్ధాన్ని ఖండించే మన గ్రూపులలోనే, ఎక్కడో పరాయి దేశపు పాత యుద్ధచిత్రం నిన్న మన దేశంలో జరిగిన దాడిగా తిరుగుతుంటుంది. ఇతరుల పండుగలపై వెటకారాలు, మనలోనే వేరే మస్లక్ వారిని కించపరిచే వీడియోలు కనిపిస్తాయి. టీకాలపై వదంతులు మనకు ఎక్కువ కీడు చేశాయి. 2017లో తట్టు, రుబెల్లా టీకాల కార్యక్రమం సాగినప్పుడు దక్షిణాదిలో ఆ టీకా సంతానోత్పత్తిని దెబ్బతీస్తుందన్న అబద్ధం వ్యాపించింది. దానికి నష్టపోయింది ఎవరి పిల్లలు? నమ్మినవారి పిల్లలే.

రెండవది, మూల్యం మనవాడే ఎక్కువగా చెల్లిస్తాడు. రెండు సమూహాల మధ్య వైరం పెంచే మాటలకు భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ మూడేళ్ల వరకు జైలుశిక్ష విధిస్తుంది. రెచ్చగొట్టే పోస్టుకు కోపంతో జవాబిచ్చిన పిల్లవాడి జవాబే తెరచిత్రంగా ఠాణాకు చేరవచ్చు. 18 ఏళ్లు నిండకపోతే బాలల న్యాయమండలి ముందుకు, నిండితే న్యాయస్థానానికి. పాస్‌పోర్టు విచారణలో ఆ కేసు బయటపడుతుంది, కంపెనీవారి నేపథ్య పరిశీలనలో బయటపడుతుంది. హైటెక్ సిటీ ఒక్క స్టేషన్ దూరమే, కానీ ఒక్క పోస్టు దాన్ని ఎప్పటికీ చేరలేని దూరంగా మార్చగలదు.

మూడవది, ఇది మన ధర్మం. దివ్య ఖుర్ఆన్‌లోని 49వ సూరా అల్ హుజురాత్ ఈ కాలం పిల్లలకు మొదట నేర్పవలసిన అధ్యాయమని నా భావన. నమ్మదగని వ్యక్తి వార్త తెస్తే విచారించి తెలుసుకోమని, తెలియక ఒక జనసమూహానికి హాని చేసి పిదప పశ్చాత్తాపపడే స్థితి తెచ్చుకోవద్దని అది హెచ్చరిస్తుంది. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దంటుంది, అనుమానాన్ని, చాటుమాటు నిందను నిషేధిస్తుంది. మానవులు జాతులుగా, తెగలుగా ఉండడం పరస్పరం తెలుసుకోవడానికేనని బోధిస్తుంది. విచారణ, మర్యాద, పరిచయం ఈ మూడూ ఒకే సూరాలో ఉన్నాయి. అదే పని రాజ్యాంగం పౌరునికి అప్పగించింది. 51ఎ అధికరణం మత, భాషా, ప్రాంతీయ భేదాలకు అతీతంగా సామరస్యాన్ని, సోదరభావాన్ని పెంపొందించడాన్నీ, శాస్త్రీయ దృక్పథాన్నీ ప్రాథమిక విధులుగా పేర్కొన్నది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. బాధ్యత అంటే మౌనం కాదు. ప్రభుత్వ విధానాన్ని విమర్శించడం, అన్యాయాన్ని ప్రశ్నించడం, సాక్ష్యంతో ఫిర్యాదు చేయడం పౌరహక్కు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను కొట్టివేసింది ఆ హక్కును నిలబెట్టడానికే. పిల్లలకు తేడా చెప్పాలి. ఒక పనిని తప్పు పట్టడం విమర్శ. ఒక జనాన్ని మొత్తంగా తప్పు పట్టడం ద్వేషం. మొదటిది ధైర్యంగా చేయమనాలి, రెండవది ఎవరిపైనా చేయవద్దనాలి.

గుమాస్తా చెప్పే నాలుగు ప్రశ్నలు

నా ఉద్యోగ జీవితమంతా కాగితాల మధ్య గడిచింది. కార్యాలయానికి రోజూ తపాలు వచ్చేది. ప్రతి కాగితానికి ఇన్వర్డ్ రిజిస్టరులో నంబరు పడనిదే అది బల్ల మారేది కాదు. వాటి మధ్య పేరు, చిరునామా, సంతకం లేని ఆకాశరామన్న ఉత్తరాలూ వచ్చేవి. ఫలానా ఉద్యోగి లంచగొండి అని, ఫలానా కుటుంబం భూమి కాజేసిందని రాసేవారు. అందులో నిజం ఉండవచ్చు, పగ ఉండవచ్చు. అందుకే ఆధారం దొరకనిదే దానిపై ఎవరి జీవితాన్నీ తారుమారు చేయరాదన్నది కార్యాలయ నియమం. నేడు ఫోనులో వచ్చే ఫార్వర్డ్‌లలో అధికభాగం ఆకాశరామన్న ఉత్తరాలే. తేడా ఒక్కటే. ఆనాడు ఉత్తరం ఒక బల్ల మీదికి వచ్చేది, నేడు లక్ష ఇళ్లకు వెళుతుంది. మధ్యలో రిజిస్టరు పెట్టుకున్న గుమాస్తా లేడు.

ఆ గుమాస్తా పని ప్రతి పిల్లవాడు చేయాలి. ఆదివారాలు మా మొహల్లా పిల్లలతో కూర్చున్నప్పుడు నేను వారికి నాలుగు ప్రశ్నలు నేర్పుతుంటాను. ఇది రాసినవారెవరు, పేరూ ఊరూ ఉన్నాయా? ఏ తేదీది, ఏ ఊరిది? జతచేసిన ఆధారమేది, ఆ చిత్రం ఇదివరకు ఎక్కడైనా వచ్చిందా? దీన్ని ముందుకు పంపితే మేలు ఎవరికి, కీడు ఎవరికి? మూడవ ప్రశ్నకు జవాబు వెదకడం కష్టం కాదు. గూగుల్ లెన్స్‌లో చిత్రం పెడితే అది పాతదో కొత్తదో చాలాసార్లు తేలిపోతుంది. మన హైదరాబాద్ కేంద్రంగానే పనిచేసే ఫ్యాక్ట్‌లీ సంస్థ వదంతుల నిజానిజాలను తెలుగులోనూ ప్రచురిస్తున్నది. నాలుగవ ప్రశ్న మాత్రం ఏ యంత్రమూ చెప్పదు. అది మనసును అడగవలసిన ప్రశ్న.

ఇంట్లో పెద్దలు చేయవలసినది ఫోను లాక్కోవడం కాదు. తండ్రి భోజనాల దగ్గర వచ్చిన ఫార్వర్డ్‌ను చదివి వినిపించి నిజమేనా అని బిడ్డను అడగాలి. దాదీమా పంపిన సందేశం తప్పైతే ఆమె గౌరవానికి భంగం కలగకుండా ఎలా చెప్పాలో బిడ్డకు నేర్పాలి. పదేళ్ల లోపు పిల్లలతో పక్కన కూర్చుని చూడాలి. చాలా సామాజిక మాధ్యమాలు 13 ఏళ్లు నిండనివారికి ఖాతా ఇవ్వరాదని తమ నియమాలలోనే రాసుకున్నాయి, వయస్సు అబద్ధం చెప్పి ఖాతా తెరిపించడం బిడ్డకు మనమే మొదటి అబద్ధం నేర్పడం. ఆడపిల్ల తనకు వచ్చిన వేధింపు సందేశాన్ని ఇంట్లో భయం లేకుండా చెప్పగలగాలి. తప్పు తనదేనని తిడతారన్న భయమే వేధించేవాడికి పెద్ద అండ. తెరచిత్రం దాచుకుని, మాధ్యమంలోనే ఫిర్యాదు చేసి, అవసరమైతే 1930కు, చిన్నారుల విషయమైతే 1098కు ఫోన్ చేయడం ప్రతి ఇంటికీ తెలియాలి.

అన్నిటికంటే ముఖ్యం పరిచయం. తెలియని వారి గురించి చెప్పిన అబద్ధాన్ని నమ్మడం సులభం, తెలిసినవారి గురించి నమ్మడం కష్టం. సెలవులలో పిల్లలకు ఒక పని అప్పగించవచ్చు. తమ గల్లీలో ఐదు ఇళ్లవారు ఏ ఊరి నుండి, ఎందుకు బోరబండకు వచ్చారో అడిగి రాసుకురమ్మనాలి. బోనాలకు ఆ ఇంట్లో ఏం వండుతారు, క్రిస్మస్‌కు ఏం చేస్తారు, మన మీలాద్ గురించి వారికి ఏం సందేహాలున్నాయి అని అడగమనాలి. అనుమతి తీసుకుని ఆ వివరాలు తమ ఖాతాలలో పెడితే, ద్వేషం నిండిన ఆ బజారులో ఒక మంచి మాట కూడా చేరుతుంది.

అడగవలసిన వారిని అడుగుదాం

ఇదంతా కుటుంబం ఒక్కటే మోయలేదు. సాధ్యమని చూపిన ఉదాహరణలు ఉన్నాయి. 2018లో వదంతులు చెలరేగినప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి ప్రాంతాలలో ఎస్పీ రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో పోలీసులు దాదాపు 400 గ్రామాలు తిరిగి, డప్పు మోగించి, పాటలు కట్టి, ఫార్వర్డ్‌ను నమ్మే ముందు ఆలోచించమని చెప్పారు. కేరళలోని కన్నూరు జిల్లాలో టీకా వదంతుల అనుభవం తరువాత కలెక్టర్ మీర్ ముహమ్మద్ అలీ చొరవతో దాదాపు 150 ప్రభుత్వ పాఠశాలల్లో అబద్ధపు వార్తలను గుర్తించే పాఠాలు మొదలయ్యాయి. ఒక జిల్లా చేయగలిగినది మన రాష్ట్రం ఎందుకు చేయలేదు? రాష్ట్రంలోని 204 మైనారిటీ గురుకులాలలోనే ముందుగా మొదలుపెట్టమని అడుగుదాం, తరువాత ప్రభుత్వ పాఠశాలలన్నిటికీ విస్తరించమందాం. అది మైనారిటీల పాఠంగా మిగిలిపోరాదు. మన పిల్లలు మాత్రమే మంచితనం నిరూపించుకోవలసిన పరిస్థితి మరొక వివక్ష అవుతుంది.

కంపెనీలను కూడా అడగాలి. ఫేస్‌బుక్ మన దేశంలో తన తొలి కార్యాలయాన్ని 2010లో తెరిచింది హైదరాబాద్‌లోనే. ఆ మాధ్యమంలోని పోస్టులను పరిశీలించే ఒప్పంద ఉద్యోగులు హైదరాబాద్‌లోని జెన్‌పాక్ట్ కార్యాలయంలో పనిచేస్తున్న తీరును 2019లో రాయిటర్స్ వార్తాసంస్థ వెల్లడించింది. ఏ మాట ఉండాలో, ఏ మాట తొలగాలో చూసే పని మన ముంగిటనే జరుగుతున్నప్పుడు తెలుగు, ఉర్దూ భాషలలోని ద్వేషం ఇన్నాళ్లు ఎందుకు కనిపించకుండా ఉంటున్నదని అడిగే హక్కు మనకుంది. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభాలలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. అందులో కొంత పక్క బస్తీ పిల్లల డిజిటల్ పౌరవిద్యకు ఎందుకు రాకూడదు?

మసీదు కమిటీలకు, మహిళా సంఘాలకు, ఐటీ ఉద్యోగాలలో ఉన్న మన యువతకు నా విన్నపం ఇది. శుక్రవారం ప్రకటనలలో ఒక్క నిమిషం ఆ వారం తిరిగిన ఒక వదంతికి, దాని నిజానికి కేటాయించండి. మొహల్లా గ్రూపు నిర్వాహకులు ఆధారం లేని సందేశాన్ని తొలగించే నియమం పెట్టుకోండి, మనకు అనుకూలమైన అబద్ధాన్ని కూడా. హైటెక్ సిటీలో పనిచేసే యువతీయువకులు నెలకు ఒక ఆదివారం ఒక స్టేషన్ వెనక్కి ప్రయాణించి, ఏ మతం వారైనా సరే, బస్తీ పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. అందుకు పెద్ద హాలు అక్కరలేదు, నాలుగు చాపలు చాలు. ఏ మసీదులోనైనా, ఏ బడి వరండాలోనైనా అవి దొరుకుతాయి.